లేని నంది మీద చెయ్యి

తూర్పు వీధి ఆటోల గోల వెనకబడింది. తంజావూరు కోట ముంగిట్లో తలెత్తితే గూడగోపురం. ఎనిమిది అంతస్తులు, 190 అడుగులు. కళ్లకి ఎండ కొడుతోంది, కోటలోని విగ్రహాల మ్యూజియం లోపలికి పోదాం పదండి.

గడప దాటగానే చలవ. ఏసీది కాదు, లావుపాటి గోడలది. ఎటు చూసినా చోళుల నాటి కంచు విగ్రహాలు. నటరాజుల దగ్గర జనం మూగారు. మనం మాత్రం తిరువెంకాడు నుంచి వచ్చిన ఈ శివుడి ముందు ఆగుదాం.

నిలువు మూడున్నర అడుగులు. కాలు మీద కాలు అడ్డంగా వేసి, తీరిగ్గా నిలబడ్డాడు. జటలు తలపాగాలా చుట్టుకున్నాడు, ఆ చుట్టల్లో పాము. నాలుగు చేతులు లేవు, రెండే. అందుకేనేమో దేవుడిలా కాక ఊళ్లో అరుగు దగ్గర కబుర్లకి నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. కుడి మోచెయ్యి వంచి నంది వీపు మీద ఆన్చాడు. నంది మాత్రం లేదు. చెయ్యి గాలి మీదే ఉంది. అయినా తూలడు. 1011లో, రాజరాజ చోళుడి కాలంలో పోసిన విగ్రహం. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి తీసి, లోహం పోసి, చివరికి అచ్చు పగలగొట్టేస్తారు. ఇంకోటి పోద్దామన్నా అచ్చుండదు. పక్కనున్న అమ్మవారు మరుసటేడు వచ్చింది.

అన్నట్టు, నాయక రాజుల కాలంలో ఈ కోటలో తెలుగు సాహిత్యం జోరుగా నడిచింది. రఘునాథ నాయకుడు కావ్యాలు రాశాడు, కొడుకు విజయరాఘవుడు యక్షగానాలు రాశాడు. 1673లో మధుర సేనలు మీద పడితే, అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేయించి ఆయన యుద్ధంలో చచ్చిపోయాడంటారు. తరవాత మరాఠాలొచ్చారు. వాళ్లూ తెలుగు విడవలేదు, వాళ్ల రాజు శహాజీ యక్షగానాలు రాశాడు. ఆ తాటాకు ప్రతులు పక్కనే సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఉన్నాయి.

దర్బారు హాల్లో మరాఠా రాజు రెండో శరభోజీ, పాలరాతిలో. ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కాడు. కోసుగా ఉన్న టోపీ, జోడించిన చేతులు. 1799లో రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాక ఆయనకి పుస్తకాలే మిగిలాయి. అవే పోగేశాడు. నన్నడిగితే మంచి పనే చేశాడు.

గోపురంలో ఒక అంతస్తు ఎక్కితే తిమింగలం ఎముకలు! 1955లో తరంగంబాడి ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. కోటలో దానికేం పనో శివుడికే ఎరుక.

పోయేముందు ఇంకోసారి ఆ కంచు శివుణ్ణి చూద్దామని వెనక్కి వస్తే, అద్దం ముందు ఓ ఏడేళ్ల పిల్లాడు. కాలు మీద కాలు అడ్డం వేశాడు, మోచెయ్యి గాల్లో ఆన్చాడు. తూలాడు.

“నాన్నా, ఎద్దేదీ?”

తెలుగే. వాళ్ల నాన్న జవాబేమీ చెప్పలేదు. పక్కకొచ్చి కొంచెం వంగాడు. పిల్లాడు ఆయన వీపు మీద మోచెయ్యి ఆన్చి, మళ్లీ కాలు అడ్డం వేశాడు.