దైవము లేని ధర్మము

దైవభక్తి లేనిచోట నీతి నిలువదను విశ్వాసము మన సమాజమున చిరకాలముగా నున్నది. దానిని పరీక్షించుటకు గోరా యను గోపరాజు రామచంద్రరావు (1902-1975) జీవితము తగిన యాధారమని మేము తలంతుము.

ఈ వృక్షశాస్త్రాధ్యాపకుడు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. మానవుడే తన చేతలకు బాధ్యుడు కావున, అస్పృశ్యతను విధిపైగాని పూర్వకర్మపైగాని నెట్టరాదని ఆయన వాదము. ఆ వాదమునకు ఆయన యిల్లే పరీక్షాస్థలమయ్యెను. పెద్దకుమార్తె మనోరమకు, అస్పృశ్యులనబడిన వర్గమున జన్మించిన అర్జునరావుతో వివాహము నిశ్చయించెను. దానిని సేవాగ్రామమున జరిపించుటకును, వివాహవిధిలో దైవనామమునకు మారుగా సత్యమును పేర్కొనుటకును గాంధీజీ సమ్మతించెను. 1948 జనవరిలో గాంధీజీ హతుడైనను, మార్చిలో ఆ వివాహ మచ్చటనే జరిగెను.

దైవము నంగీకరింపనివానికి ధర్మభారము తగ్గదు. పంచుకొనువాడు లేనందున నది మరింత పెరుగునని యీ చరిత్రవలన మాకు తోచుచున్నది.