నార్హామ్, ఐలాండ్‌షైర్స్: ఒక రద్దయిన జిల్లా కథ

మనలో చాలామందిమి సర్వీసంతా హద్దులు, పటాలు, ఫైళ్లతోనే గడిపాము. ఇంగ్లండులో ఒక చిన్న గ్రామీణ జిల్లా పుట్టి, పోయిన వైనం పెన్షనరు మిత్రులకు రుచిస్తుందని తలచి వ్రాస్తున్నాను.

స్కాట్లండు సరిహద్దున, ట్వీడ్ నది పక్కన ఉండేది నార్హామ్ అండ్ ఐలాండ్‌షైర్స్ రూరల్ డిస్ట్రిక్టు. దీనిని మన కలెక్టరు గారి జిల్లా అనుకోరాదు. మన పాత తాలూకా బోర్డు పాటిది. ఇంగ్లండు పల్లెలకు ఇటువంటి కౌన్సిళ్లను ఇచ్చింది 1894 నాటి చట్టం. వీటిలో స్త్రీలు ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. పార్లమెంటు ఓటు కోసం వారు 1918 దాకా ఆగవలసి వచ్చింది!

అసలు కథ పేరులో ఉంది. షైర్ అంటే సీమ. ఐలాండ్ అంటే ఇక్కడ లిండిస్ఫార్న్ దీవి. అక్కడ 635లో ఐడాన్ అనే సన్యాసి మఠం స్థాపించాడు. 793లో వైకింగులు దానిని దోచారు. 875లో సన్యాసులు తమ పూర్వపు బిషప్పు కత్‌బర్ట్ భౌతికకాయాన్ని మోసుకొని దీవి విడిచారు. ఊరూరా తిరిగి 995లో డర్హామ్ చేరారు. మనుషులు వెళ్లినా భూముల హక్కు వెంటే ఉంది. అందుచేత మధ్యలో నార్తంబర్లాండ్ కౌంటీ అడ్డంగా ఉన్నా, ఈ సీమలు దూరాన ఉన్న డర్హామ్ బిషప్పు ఏలుబడి క్రిందనే ఉండేవి. నార్హామ్ కోటను 1121లో కట్టించినది కూడా బిషప్పే.

1836లో బిషప్పు రాజ్యాధికారాలు పోయాయి. 1844లో పార్లమెంటు ఈ సీమలను నార్తంబర్లాండ్‌లో కలిపింది. అయినా యాభై ఏళ్ల తరువాత కొత్త కౌన్సిలుకు పేరు కావలసి వచ్చినప్పుడు పాత సీమల పేర్లనే పెట్టారు. అది నాకు ముచ్చటగా తోచింది.

ఎనభై ఏళ్ల తరువాత, 1974 ఏప్రిల్ 1న పట్టణమూ పల్లెలూ కలిపి బెర్విక్ జిల్లా చేశారు. పేరు అక్కడితో దఫ్తరాల నుండి పోయింది. ఆ బెర్విక్ కౌన్సిలు 35 ఏళ్లే నడిచింది. 2009లో దానినీ ఎత్తివేసి, అధికారం మొత్తం కౌంటీకి అప్పగించారు. కార్యాలయం పెద్దదైతే ఖర్చు తగ్గుతుందని ఎక్కడైనా చెప్పే మాటే. అర్జీదారుడి నడక మాత్రం ఎవరి లెక్కలోనూ రాదు. కౌంటీ కేంద్రం దూరాన మోర్పెత్‌లో ఉంది. దీవికి 1954లో రోడ్డు వేసినా, పోటు వేళ అది నేటికీ నీట మునుగుతుంది. దీవివాసి బయలుదేరాలంటే ముందు సముద్రం వేళలు చూసుకోవలసిందే.