డాంగిలు (సాఫ్టువేరు రక్షణ పరికరము)

కంప్యూటరు ప్రోగ్రాము వెల యిచ్చి కొన్నవానియొద్ద మాత్రమే పనిచేసి, దానికి ప్రతి తీసికొన్న ఇతరులయొద్ద పనిచేయకుండునట్లు చేయుటకై, ఆ ప్రోగ్రాముతోగూడ అమ్మబడి, కంప్యూటరునకు వెనుకనో ప్రక్కనో తగిలింపబడు చిన్న ఎలక్ట్రానిక్ పరికరమునకు డాంగిలని పేరు. డి.టి.పి. కేంద్రములలోను, ఇంజనీరింగు కార్యాలయములలోను దీనిని హార్డువేరు లాకు అని, తఱచుగా లాకు అని మాత్రమే, వ్యవహరింతురు. ఇంటర్నెట్టు కొఱకు వాడు యు.ఎస్.బి. డాంగిళ్లు వేఱు. ఫ్లాపీలోని ప్రోగ్రామునకు ప్రతి తీయుట నిమిషములలో ముగియు పని. లోపలి భాగములు కంటబడకుండ రెసిను ముద్దలో పోతపోసి మూసిన వస్తువునకు ప్రతి చేయుట అంత సులభము కాదు. ఈ వ్యత్యాసమును ఆశ్రయించియే డాంగిలు పుట్టినది.

ఇట్టి రక్షణతో వెలువడిన తొలి ప్రోగ్రాముగా, కమడోర్ పెట్ అను కంప్యూటరుపై ఉత్తరములు, పత్రములు వ్రాసికొనుటకు బ్రిటనులో తయారైన వర్డ్‌క్రాఫ్టును (1980) పేర్కొందురు. దాని డాంగిలు సుమారు 33 ఘన సెంటీమీటర్ల పరిమాణము గల రెసిను దిమ్మ. పెట్ యంత్రమునకు క్యాసెట్టు రికార్డరును తగిలించు ద్వారమునందు విద్యుత్తును, సంకేతములును రెండును లభించుచుండుటచే, దిమ్మను అచ్చట గ్రుచ్చిన చాలును. అది నియమితమైన రీతిలో సంకేతముల నందింపగా ప్రోగ్రాము నడచెడిది. అయితే రికార్డరునకు మాత్రము చోటు లేకపోయెడిది. కొల్చెస్టరు నగరమందలి పంపిణీదారులైన డేటావ్యూ సంస్థవారు, తరువాత ఇట్టి డాంగిళ్ల తయారినే తమ ప్రధాన వ్యాపారముగా మార్చుకొనిరి.

ఐ.బి.ఎం. పి.సి. వ్యాప్తి చెందిన పిమ్మట డాంగిలు ప్రింటరు తగిలించు 25 సూదుల ప్యారలల్ పోర్టునకు మాఱినది. ఒక కొన పోర్టులోనికి చొరగా, రెండవ కొనకు ప్రింటరు తీగను తగిలించుకొను ఏర్పాటుండుటచే, క్యాసెట్టు ద్వారమునకు కలిగిన నష్టము ఇచ్చట తప్పినదని మొదట అందఱును తలంచిరి. కాని ఆ పోర్టులో ప్రత్యేకముగా విద్యుత్తు నిచ్చు తీగ లేనందున, డాంగిలు సంకేతముల తీగలనుండియే తన కవసరమైన కొద్దిపాటి శక్తిని గ్రహింపవలసి వచ్చెడిది. ప్రింటరు ఆపియుంచినపుడు లాకు కనబడలేదను తెలుపుడు తెరపై వచ్చుట, నాలుగు ప్రోగ్రాములు కొన్నవాని యంత్రమునకు వెనుక నాలుగు డాంగిళ్లు ఒకదాని కొకటి తగిలి జేనెడు పొడుగున వ్రేలాడుట, ఆనాటి కార్యాలయములలో సామాన్య విషయములు. అమెరికాలో రెయిన్‌బో టెక్నాలజీస్ వారి సెంటినెల్, ఇజ్రాయెలులో 1985లో స్థాపితమైన అల్లాదీన్ సంస్థవారి హాస్ప్, జర్మనీయందలి కార్ల్స్‌రూహేలో 1989లో ఏర్పడిన వీబూ సంస్థవారి డాంగిళ్లు ఈ యుగమున ప్రసిద్ధి కెక్కినవి. ఆటల ప్రోగ్రాములలో లీడర్ బోర్డు (1986) వంటి కొన్నింటికి డాంగిళ్లున్నను, చౌకగా అమ్మవలసిన సరకు ఈ ఖర్చును భరింపజాలక పోయెను. వేల రూపాయల వెల గల ఇంజనీరింగు, సంగీత, ముద్రణ ప్రోగ్రాములే దీనికి స్థిరనివాసములైనవి. పుణేయందలి మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి లాకుతో వచ్చెడిది కావున, తెలుగు అక్షరములు కూర్చువారికిని ఈ పరికరము సుపరిచితమే.

కొన్నవానిని దొంగగా అనుమానించుట డాంగిలునకు జన్మతః కలిగిన దోషము. ఆటోడెస్క్ సంస్థ 1986లో అమెరికాలో అమ్ము ఆటోక్యాడ్ అను ఇంజనీరింగు చిత్రముల ప్రోగ్రామునకు లాకు చేర్పగా, కొనుగోలుదారులు తీవ్రముగా నిరసించిరి. సంస్థ కొలది కాలములోనే దానిని తొలగించి, విదేశములలో మాత్రము చాల కాలము కొనసాగించెను. ఆ విదేశములలో నొకటియైన ఆస్ట్రేలియాలోనే డాంగిలును గూర్చిన మిక్కిలి ప్రసిద్ధమైన వ్యాజ్యము నడచినది. ఆటోక్యాడ్‌లోని విడ్జెట్-సి అను భాగము నిరంతరము లాకును ప్రశ్నించుచు, వచ్చిన సమాధానమును తనలోని 127 బిట్ల పట్టికతో సరిచూచుకొనుచుండెడిది. ప్రతివాదుల పక్షమున ఒకరు ప్రోగ్రామును తెఱచి చూడక, ఆసిలోస్కోపుతో తీగలపై పోవు సంకేతములను మాత్రమే పరిశీలించి, ఆ 127 బిట్లను ఒక మెమరీ చిప్‌లో నిలిపి, ఆటో కీ అను వేఱొక లాకును తయారుచేసిరి. ఫెడరల్ న్యాయస్థానము ఆటోడెస్క్ పక్షమున తీర్పు చెప్పగా, అప్పీలులో ఆ తీర్పు త్రోసివేయబడెను. ఆటోడెస్క్–డైసన్ వ్యాజ్యముగా పేరొందిన ఈ వివాదమున 1992లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు, ఆ పట్టిక ప్రోగ్రామునందలి ముఖ్యాంశమనియు, దానిని ప్రతిచేయుట కాపీరైటు ఉల్లంఘనమే యనియు నిర్ణయించెను. ఒక పట్టికను కన్నెత్తి చూడనివాడు దానికి ప్రతి తీసెననుట విపరీతముగా తోచును. 1999లో మఱియొక వ్యాజ్యమున అదే న్యాయస్థానము, ఒక భాగము లేనిదే ప్రోగ్రాము నడువదన్నంతమాత్రముచేత అది ముఖ్యాంశము కాజాలదని, తన పూర్వ తర్కమును విడనాడెను.

నిజమునకు డాంగిలును భేదించువారికి డాంగిలుతో పనియే లేదు. ‘లాకు ఉన్నదా?’ అను ప్రశ్నకు వచ్చిన సమాధానమునుబట్టి ముందునకు సాగుటయో, ఆగిపోవుటయో నిర్ణయించు ఆజ్ఞ ప్రోగ్రాములో ఒకటి యుండక తప్పదు. ఆ ఒక్క ఆజ్ఞను మార్చినచో ఎంతటి గట్టి లాకైనను వ్యర్థము. తాళము వేసియున్నదో లేదో చూచి రమ్మని పంపిన సేవకుడు లంచము తినిన ఇంటికి తాళమెంత దృఢమైన నేమి? ఈ లోపమును గ్రహించి తయారీదారులు క్రమముగా ప్రశ్నను బహుళము చేసిరి, ప్రోగ్రామంతటిని గుప్తలిపిలోనికి మార్చి దాని తాళపుచెవిని డాంగిలులో దాచిరి, తుదకు ప్రోగ్రామునందలి కొన్ని గణనలను డాంగిలులోని చిన్న ప్రాసెసరుచేతనే చేయించిరి. రహస్యము బయటినుండి లోపలికి జరిగిన కొలదియు దొంగతనము కష్టమైనదే కాని, ఆగిపోలేదు.

చట్టము దీనికి తరువాత తోడైనది. 1996 నాటి ప్రపంచ మేధాసంపత్తి సంస్థ కాపీరైటు ఒడంబడిక ననుసరించి అమెరికాలో 1998లో వచ్చిన చట్టము ఇట్టి రక్షణలను ఛేదించుటను నిషేధింపగా, 2003లో అచ్చటి కాంగ్రెసు గ్రంథాలయాధిపతి, చెడిపోయి, వాడుకనుండి తొలగిన డాంగిళ్లు అడ్డగించు ప్రోగ్రాములకు మినహాయింపు నిచ్చెను. డాంగిలు పోగొట్టుకొన్నవాడు ప్రోగ్రామును మరల కొనవలసినదేనను నియమమున్న వ్యాపారములో, ఇది కొనుగోలుదారునకు దక్కిన కొలది ఊరటలలో నొకటి. భారతదేశమున 2012 సవరణచే కాపీరైటు చట్టమున చేరిన 65ఎ విభాగము, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో రక్షణను తప్పించువానికి రెండేండ్లవఱకు కారాగారమును, జరిమానాను విధించుచున్నది. ఉద్దేశమును ప్రధానము చేయుటలో మన శాసనము కొంత ఉదారమైనది.

యు.ఎస్.బి. వచ్చిన పిదప డాంగిలు చిటికెనవ్రేలి గోరంతకు తగ్గినది, వ్యాపారము కొలదిమంది చేతులలో చేరినది: రెయిన్‌బో 2004లోను, అల్లాదీన్ 2010లోను సేఫ్‌నెట్ సంస్థలో కలియగా, అది గెమాల్టోకును, 2019లో థేల్స్ సంస్థకును చేరెను. నెట్‌వర్కులో ఒకే డాంగిలు పలు యంత్రములకు అనుమతు లిచ్చు పద్ధతి వ్యాపించుటతో క్రొత్త చిక్కు కలిగినది. హాస్ప్ డాంగిలు గ్రుచ్చినపుడు విండోస్‌లో చేరు ప్రోగ్రాము 1947 సంఖ్య గల పోర్టును తెఱచి యుంచుచున్నదనియు, అందు 14 భద్రతాలోపములున్నవనియు 2018 జనవరిలో కాస్పర్‌స్కీ పరిశోధకులు వెల్లడించిరి. అటారీ కంప్యూటర్ల కాలమునుండి డాంగిలును విడువని స్టైన్‌బర్గ్ సంస్థ 2022లో క్యూబేస్ 12 అను సంగీత ప్రోగ్రాముతో ఆన్‌లైన్ లైసెన్సునకు మాఱినది. ఇంటర్నెట్టు ప్రవేశము నిషిద్ధమైన కర్మాగార యంత్రములయొద్దను, ప్రయోగశాలలలోను మాత్రము, పెక్కు సంస్థల లైసెన్సులను ఒకే పరికరమున నిలుపుకొను కోడ్‌మీటర్ వంటి డాంగిళ్లు నేటికిని అమ్ముడుపోవుచున్నవి.