మూలాన్ని ముట్టుకోని అక్షరాలు
(ఉపశీర్షికల చరిత్రలో ఒక మలుపు)

మూకీ సినిమాల కాలంలో మాటలు బొమ్మ మీద ఉండేవి కావు. దృశ్యానికీ దృశ్యానికీ మధ్య అక్షరాల పలక ఒకటి తెర మీదికి వచ్చిపోయేది. 1913లో ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర'కు ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ ఇటువంటి పలకలే ఉన్నాయి. పలక ఉన్న ఫిల్మును కత్తిరించి మరో భాష పలకను అతికిస్తే చిత్రం మరో ప్రాంతానికి సిద్ధమయ్యేది. దృశ్యం మాత్రం చెక్కుచెదరదు. ఈ సుగుణాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే టాకీలు రాగానే అది పోయింది.

1929 జనవరిలో పారిస్‌లో 'ది జాజ్ సింగర్' చిత్రాన్ని ఫ్రెంచి ఉపశీర్షికలతో ప్రదర్శించారు. మన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. బొమ్మతోపాటే మాట నడుస్తున్నప్పుడు మధ్యలో పలక పెట్టడానికి చోటెక్కడిది? అక్షరాలు బొమ్మ మీదికే ఎక్కవలసి వచ్చింది. 1930లో నార్వేలో ఫిల్ము మీది పొరను తడిపి మెత్తబరచి అక్షరాల అచ్చు ఒత్తే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ తరువాత రసాయనాలతో పొరను కరిగించే పద్ధతి, 1988లో పారిస్‌లో లేజరు కిరణంతో చెక్కే పద్ధతి వచ్చాయి. పనిముట్లు మారాయిగాని పని ఒకటే. అక్షరం పడిన మేర బొమ్మను చెరిపివేయడం. ఒకసారి చెక్కిన ప్రింటు ఇక ఆ భాషకే అంకితం.

1996లో జపానులో మార్కెట్టుకు వచ్చిన డీవీడీ ఈ చిక్కును కొంత విడదీసింది. ఒక్కో చిత్రానికి 32 వరకు ఉపశీర్షికల వరుసలను విడిగా ఉంచి, చూసేవారు కోరినదాన్ని బొమ్మ మీద పరచే ఏర్పాటు అది. అయితే అందులోని అక్షరాలు కూడా చిన్న చిన్న బొమ్మలే. వాటిని దిద్దడం, వెదకడం కుదరదు. 2000 ప్రాంతంలో వచ్చిన సబ్‌రిప్ అనే ప్రోగ్రాము ఆ బొమ్మలను చదివి మామూలు అక్షరాలుగా మార్చింది. దాని నుంచి పుట్టిన ఎస్ఆర్‌టీ ఫైలు ఎంత సాదా అంటే, వరుస సంఖ్య, మొదలయ్యే కాలం, ముగిసే కాలం, మాట, ఒక ఖాళీ వరుస. అంతే.

2002 డిసెంబరులో మత్రోస్కా అనే కొత్త ఫైలు రూపాన్ని ప్రకటించారు. ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యా కొయ్యబొమ్మల పేరు అది. బొమ్మ, ధ్వని, అక్షరాలు ఒకే పెట్టెలో వేర్వేరు అరలలో ఉంటాయి. ఎంకేవీమెర్జ్ వంటి ప్రోగ్రాము బొమ్మను విప్పదు, మళ్ళీ కుదించదు, ఉన్నదున్నట్టు కొత్త పెట్టెలోకి ఎత్తిపెట్టి పక్కన అక్షరాలను చేరుస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 'కాపీ' అనే ఆదేశం చేసే పనీ అదే. ఎంపీ4 పెట్టెలోకి ఎస్ఆర్‌టీ యథాతథంగా పోదు. దాన్ని ఆ పెట్టె ఒప్పుకునే రూపంలోకి మార్చాలి, అప్పుడు కూడా బొమ్మ జోలికి పోనక్కరలేదు. అలాకాక అక్షరాలను బొమ్మ మీదే అచ్చువేయదలిస్తే వీడియోను విప్పి తిరిగి ఎన్‌కోడ్ చేయక తప్పదు. మామూలుగా వాడే కుదింపు పద్ధతుల్లో అలా చేసిన ప్రతిసారీ బొమ్మ ఎంతోకొంత నలుగుతుంది. కాలమూ ఎక్కువే పడుతుంది.

తెలుగుకు మరో అడ్డంకి ఉండేది. ఒక్కో ఫాంటుది ఒక్కో సంకేతపద్ధతి కావడంతో ఒకరు టైపు చేసినది ఇంకొకరి యంత్రంలో గజిబిజిగా కనిపించేది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' ఫాంటుతో వచ్చాకనే చాలామందికి అది అక్కరకు వచ్చింది. ఈనాటికీ ఎస్ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపించవచ్చు.

ఇదంతా సినిమావాళ్ళ గొడవ అనుకోవద్దు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఇంటి పెద్దల మాటను వీడియోలో పట్టి ఉంచుకొనే విద్యార్థికి ఇది మరీ దగ్గరి విషయం. ఆ రికార్డు ఒక మూలప్రతి. ముసలమ్మ పెదవుల కదలికను మన అక్షరాలతో కప్పివేస్తే, ఆమె ఉచ్చారణను రేపు పరిశీలించేవారికి ఆ మేరకు ఆధారం తగ్గుతుంది. పైగా మనం ఒక మాటను తప్పుగా విని రాసి ఉంటే, ఆ తప్పు బొమ్మలోనే స్థిరపడుతుంది. విడి వరుసగా ఉంటే దిద్దుబాటుకు మామూలు నోట్‌ప్యాడ్ చాలు. అందుకే అసలు వీడియోను, ఎస్ఆర్‌టీని విడివిడిగా కూడా దాచిపెట్టమని నా సలహా.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేని పిల్లలు ఈ ప్రాంతాల్లో ఎందరో. వారికోసం అదే తెలుగు మాటను కన్నడ లిపిలోనో ఒడియా లిపిలోనో మరో వరుసగా చేర్చవచ్చు. తమిళ లిపితో మాత్రం కొంచెం జాగ్రత్త. అందులో క, గ లకు ఒకే అక్షరం. త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసేవారు అక్షరం పక్కన 2, 3, 4 అనే చిన్న అంకెలు వేసి ఈ చిక్కును దాటారు. ఉపశీర్షికలకూ ఆ ఏర్పాటు పనికివస్తుంది. మొదటి వరుసలో మాట వినబడినట్టే రాయండి, యాసను సవరించకండి. పుస్తకాల తెలుగులో దాని అర్థాన్ని రెండో వరుసకు వదలండి. ఒక్కో వరుసకూ భాష పేరు, లిపి పేరు తగిలించడం మరవకండి. లేకుంటే ఫైలు తెరిచినవారికి ఏది ఏదో తెలియదు.