హార్డు డిస్కు హెచ్చరిక - దాని పుట్టుపూర్వోత్తరాలు



కంప్యూటరు మీట నొక్కగానే, విండోస్ ఇంకా మొదలు కాకముందే, కొన్ని ఇండ్లలో నల్లని తెరమీద ఒక వాక్యం కనిపిస్తుంది. హార్డు డిస్కు స్థితి బాగా లేదు, అందులోనివాటికి ప్రతులు తీసుకొని డిస్కును మార్చుకొనవలెను అని దాని సారాంశం. ఒక కీ నొక్కితే యంత్రం యథాప్రకారం నడుస్తుంది. మరునాడు మళ్ళీ అదే వాక్యం. వారం గడిచేసరికి అది గోడగడియారం చప్పుడులా మనసుకు ఆనకుండా పోతుంది. ఈ వాక్యాన్ని యంత్రం చేత పలికించినదెవరు? ఎందుకు పలికించవలసి వచ్చింది? దానిని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం డిస్కు చరిత్రలోనే ఉన్నది.

1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అనే యంత్రాన్ని ప్రకటించింది. అమెరికాలోని శాన్ హొసే నగరంలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో రూపొందిన డిస్కు అందులో ఉన్నది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద తిరిగేవి. అంత సంరంభం చేసి అది దాచుకోగలిగినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. గ్రామఫోను ముల్లు రికార్డును తాకి పాడిస్తుంది. డిస్కు ముల్లు పళ్ళేన్ని తాకరాదు. నడుమ సన్నని గాలిపొర ఉండాలి. ఆ పొర చెదిరి ముల్లు పళ్ళేన్ని గీరితే అక్కడి అక్షరాలు పోయినట్లే. అంటే ఈ ప్రమాదం డిస్కుతో కూడా పుట్టినదే.

ఆ రోజులలో అటువంటి యంత్రాలు పెద్ద కార్యాలయాలలో ఉండేవి. వాటిని కనిపెట్టుకొని ఉండడానికి శిక్షణ పొందిన మనుషులు ఉండేవారు. 1973లో వించెస్టర్ అనే మారుపేరుతో ఐ.బి.ఎం. 3340 వచ్చింది. ఇందులో ముల్లును, పళ్ళేలను కలిపి దుమ్ము చొరకుండా మూసివేశారు. 1980లో, తరువాత సీగేట్‌గా పేరు మార్చుకొన్న షుగార్ట్ టెక్నాలజీ సంస్థ, అయిదుంబావు అంగుళాల డిస్కును చిన్న కంప్యూటర్లకోసం తయారుచేసింది. దాని సామర్థ్యం 5 మెగాబైట్లు. ఆ విధంగా డిస్కు క్రమంగా మన ఇండ్లకు వచ్చింది. దానిని కనిపెట్టుకొని ఉండే మనిషి మాత్రం వెంట రాలేదు. ఆ మనిషి లేని లోటు తీర్చడానికే డిస్కుకు మాటలు నేర్పవలసి వచ్చింది.

1992లో ఐ.బి.ఎం. తన డిస్కులలో వైఫల్యాన్ని ముందుగా పసిగట్టే ఏర్పాటు ప్రవేశపెట్టింది. ఆ తరువాత కాంపాక్ సంస్థ, సీగేట్, క్వాంటమ్, కానర్ అనే డిస్కు తయారీదారులతో కలిసి ఇంటెల్లిసేఫ్ అనే పద్ధతిని రూపొందించి, అందరికీ ప్రమాణంగా ఉండాలని 1995లో పరిశ్రమ సంఘం ముందు ఉంచింది. వీటి కలయికగా ఏర్పడినదే స్మార్ట్. తన్ను తాను కనిపెట్టుకొని, విశ్లేషించుకొని, నివేదించే విధానం అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. 1997 నాటి ఏ.టి.ఏ.-3 ప్రమాణంలో దీనికి స్థానం లభించింది. 

ఇది పనిచేసే తీరు తెలుసుకోదగినది. డిస్కు తన లక్షణాలు కొన్నింటికి ఎప్పటికప్పుడు మార్కులు వేసుకొంటుంది. ఉత్తీర్ణతకు తగిన మార్కును తయారీదారుడు ముందే నిర్ణయించి పెడతాడు. ఏదైనా ముఖ్య లక్షణం అంతకు దిగజారినప్పుడు హెచ్చరిక వస్తుంది. ఉదాహరణకు, పళ్ళేనికి చెందిన ఒక చిన్న గడి చెడిపోతే, డిస్కు తనవద్ద అదనంగా దాచుకొన్న మంచి గడిని దాని స్థానంలో వాడుకొంటుంది. చెప్పులు కుట్టేవాడు మాసిక వేసినట్లన్నమాట. అట్లా వేసిన మాసికల లెక్క 5వ లక్షణం. చదవడానికి మొరాయిస్తూ, ఇంకా తీర్పు కాకుండా ఉన్న గడుల లెక్క 197వ లక్షణం. మాసికలు పెరిగిపోతున్నాయంటే తోలే చివికినదని అర్థం.

ఇక నమ్మకం మాట. 2007లో గూగుల్ సంస్థకు చెందిన పిన్హీరో, వెబర్, బరోసో అనే ముగ్గురు, లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పరిశోధనపత్రం ప్రకటించారు. తనిఖీలో మొదటి దోషం బయటపడిన డిస్కు, ఆ దోషం లేని డిస్కుకంటే, 60 రోజులలోగా చెడిపోయే అవకాశం 39 రెట్లు అధికమని వారు తేల్చారు. మొదటి మాసిక పడిన డిస్కు విషయంలో అది 14 రెట్లు. అయితే చెడిపోయిన డిస్కులలో 56 శాతానికి మించినవి, బలమైన సూచనలుగా వారు ఎంచుకొన్న నాలుగు లక్షణాలలో దేనినీ చూపకుండానే చెడిపోయాయి. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. డిస్కు హెచ్చరించిందంటే తేలికగా తీసుకోరాదు. హెచ్చరించలేదు గనుక క్షేమమని నిశ్చింతగా ఉండనూరాదు. కదిలే భాగాలు లేని నేటి ఎస్.ఎస్.డి.లు సైతం మాటమాత్రం చెప్పకుండా ఒక్కసారిగా మూగవోవడం కద్దు.

హెచ్చరిక నోరు నొక్కడం మాత్రం సులభం. బయోస్‌లో స్మార్ట్ తనిఖీని ఆపివేస్తే ఆ వాక్యం మాయమవుతుంది. 2009లో వచ్చిన విండోస్ 7 అయితే, ఈ విషయం మళ్ళీ అడగవద్దని చెప్పే వీలును తానే కల్పించింది. కొందరు డిస్కును ఫార్మాట్ చేసి ఊరట చెందుతారు. కొత్త వ్రాతతో మొరాయించే గడులు కొన్ని మాసికలుగా మారి 197వ లెక్క తగ్గవచ్చును గాని, చివికిన తోలు కొత్తది కాదు. జ్వరం తగ్గలేదని జ్వరమానిని విరగగొట్టడం వైద్యం కాదు గదా. ఒక్క మినహాయింపు ఉన్నది. 199వ లక్షణం మాత్రమే పెరుగుతూ ఉంటే, దోషం తరచు డిస్కుది కాదు, దానిని కలిపే కేబులుది. కేబులు మార్చి చూడడం మంచిది.

హెచ్చరిక పట్టుబట్టి వస్తున్నప్పుడు డిస్కును బాగుచేయాలని శ్రమించడం కంటే ప్రతి తీయడం ముందు. డిఫ్రాగ్ వంటి భారపు పనులు దానికి చెప్పరాదు. మా యింటి డిస్కు ఈ మాట అన్ననాడు నేను మొదట తీసినవి సినిమాలు కావు, పాటలు కావు. అవి మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. మా నాన్నగారి చేతివ్రాత చూసి టైపు చేసిన పద్యాలు, కుటుంబపు ఛాయాచిత్రాలు, పాఠాలకోసం వ్రాసుకొన్న వ్యాఖ్యలు ముందు తీశాను. లోకంలో మరెక్కడా లేనిది ఏదో దానికే అగ్రతాంబూలం. ఆ తరువాతనే డిస్కు మార్పిడి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒక ప్రతి వేరే ఊళ్ళో అన్న సూత్రాన్ని ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒకటి మీ ఇంట, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి పరాయి ఊరిలో ఉన్న బిడ్డల దగ్గర ఉంచుకొంటే ఆ సూత్రం పాటించినట్లే.

ఈ నీతి మనకు కొత్తది కాదు. తాళపత్ర గ్రంథాన్ని ముగిస్తూ లేఖకుడు, దీనిని నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి కాపాడుమని వేడుకొనడం పరిపాటి. ఆకు శాశ్వతం కాదని ఎరిగి వ్రాసిన హెచ్చరిక అది. మన వాతావరణంలో తాటాకుకు పురుగు, చెమ్మ తప్పవు. అయినా పూర్వకవులు మనదాకా వచ్చారంటే, ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒకరు కూర్చుని మరొక ఆకు మీద తిరగ వ్రాసినందువల్లనే. నన్నెచోడుని కుమారసంభవం తంజావూరులో తాళపత్ర ప్రతిగా నిలిచి ఉండబట్టి, మానవల్లి రామకృష్ణకవి దానిని 1909లో ప్రకటించగలిగాడు. శ్రీనాథుడు స్వయంగా చెప్పుకొన్న మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి మాత్రం నేడు మనకు పేర్లుగానే మిగిలాయి. కవిసార్వభౌముని కావ్యాలకే ఆ గతి పట్టింది. ఒకే పెట్టెలో ఒకే ప్రతిగా ఉన్న మన వ్రాతల సంగతి వేరే చెప్పాలా?

ఆ తాటాకులకు తమ శైథిల్యాన్ని చెప్పుకొనే నోరు లేదు. మన డిస్కుకు కొంతవరకైనా ఉన్నది. అది మాట్లాడుతున్న రోజులలోనే ప్రతి తీసుకొందాం.

స్వస్తి.