ఎం.ఎ. ఆర్థికశాస్త్రం: భారతదేశంలో చరిత్ర

ఎం.ఎ. ఆర్థికశాస్త్రం డిగ్రీ తర్వాత రెండేళ్లు చదివే స్నాతకోత్తర కోర్సు. విద్యార్థుల వాడుకలో ఎం.ఎ. ఎకనామిక్స్. ‘ఈ దేశం ఎందుకు పేదగా ఉంది?’ అన్న ప్రశ్న మన దేశంలో ఈ చదువును మొదటినుంచీ నడిపించింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఒకప్పుడు పల్లెలకు వెళ్లారు, ఆ తర్వాత గణితాన్ని ఆశ్రయించారు.

నేపథ్యం

ఈస్ట్ ఇండియా కంపెనీ తన ఉద్యోగుల శిక్షణ కోసం ఇంగ్లండులో ఒక కళాశాల నడిపింది. అందులో చరిత్ర, అర్థశాస్త్రం బోధించడానికి 1805లో థామస్ మాల్థస్ నియమితులయ్యారు. అలా భారతదేశాన్ని పాలించడానికి వచ్చినవారు ఈ శాస్త్రాన్ని ముందే చదువుకుని వచ్చేవారు. ఇక్కడ 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాక కూడా చాలాకాలం ఆ శాస్త్రం చరిత్ర, తత్వశాస్త్రాల చాటునే ఉండిపోయింది. బ్రిటిష్ సిద్ధాంతాలు భారతీయ పరిస్థితులకు యథాతథంగా వర్తించవని 1892లో పుణె దక్కన్ కళాశాలలో చేసిన ప్రసంగంలో మహాదేవ గోవింద రానడే వాదించారు. 1901లో వెలువడిన దాదాభాయి నౌరోజీ గ్రంథం దేశ సంపద తరలిపోతున్న తీరును లెక్కలతో చూపింది.

ప్రత్యేక శాఖలు

1908లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్రంలో మింటో ఆచార్య పదవిని నెలకొల్పింది. 1916లో అలహాబాదు నుంచి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’ వెలువడింది. ఆ మరుసటి ఏడాదే భారత ఆర్థిక సంఘం ఏర్పడింది. విదేశాల్లో చదివినవారూ స్వదేశ సమస్యలనే ఎంచుకున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎం.ఎ. పొందిన బి.ఆర్. అంబేడ్కర్ తర్వాత లండన్‌లో రూపాయి సమస్యపై డాక్టరేట్ సాధించారు.

మద్రాసు గ్రామ సర్వేలు

1915లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరిన గిల్బర్ట్ స్లేటర్ తరగతి గదిని పల్లె దాకా తీసుకెళ్లారు. విద్యార్థుల చేతికి ప్రశ్నావళి ఇచ్చి, తమకు తెలిసిన ఊళ్లకు పంపారు. జనాభా ఎంత, భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, అప్పులెన్ని వంటి వివరాలు వారు రాసుకొచ్చారు. ఈ సర్వేలు 1918లో పుస్తకంగా వచ్చాయి. 1936–37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్‌ల ఆధ్వర్యంలో ఆ ఊళ్లను మళ్లీ సర్వే చేశారు. అప్పటి దక్షిణ ఆర్కాటు జిల్లాలోని ఇరువేల్పట్టు వంటి గ్రామాలను తర్వాతి తరాల పరిశోధకులు కూడా పరిశీలించారు. ఒకే ఊరి బతుకును దశాబ్దాల పొడవునా పోల్చి చూసే అరుదైన అవకాశం అలా దక్కింది. విద్యార్థుల సెలవుల పని ఇంతకాలం నిలవడం ఈ కోర్సు చరిత్రలోనే గర్వించదగ్గ ఘట్టం.

స్వాతంత్ర్యానంతరం

1949లో వి.కె.ఆర్.వి. రావు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను స్థాపించారు. ప్రణాళికల యుగానికి కావలసిన ఆర్థికవేత్తలను తయారుచేయడంలో అది ముందు నిలిచింది. కె.ఎన్. రాజ్, సుఖమయ్ చక్రవర్తి అక్కడ బోధించారు. అమర్త్య సేన్ 1963 నుంచి 1971 వరకు, మన్మోహన్ సింగ్ 1969 నుంచి 1971 వరకు అక్కడే ఆచార్యులుగా పనిచేశారు. 1961లో ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ ఏర్పడడంతో ఈ పట్టా ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వంలో ప్రత్యేక ఉద్యోగ మార్గం తెరుచుకుంది.

తెలుగు ప్రాంతాల్లో

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. ఆర్థికశాస్త్రం కూడా ఒక భారతీయ భాషలోనే నడిచింది. తీరాంధ్రకు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. ఉస్మానియాలో ఎం.ఎ. చేసిన సి.హెచ్. హనుమంతరావు వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ప్రముఖులై, ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. మద్రాసులో ఎం.ఎ., ఉస్మానియాలో డాక్టరేట్ చేసిన వై.వి. రెడ్డి 2003 నుంచి 2008 వరకు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా పనిచేశారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో తెలుగు మాధ్యమంలో ఉన్నత చదువుకు దారి ఏర్పడింది. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి చేతుల్లోనూ ఆ పుస్తకాలే కనిపిస్తాయి. దూరవిద్య వల్ల ఉద్యోగం చేసుకుంటూ ఈ పట్టా పొందే వీలు కలిగింది.

నేటి రూపం

సూక్ష్మ, స్థూల ఆర్థికశాస్త్రాలు, గణిత పద్ధతులు, గణాంకశాస్త్రం, ఎకనమెట్రిక్స్ నేటి కోర్సుకు పునాది. ప్రభుత్వ ఆర్థికం, అంతర్జాతీయ వాణిజ్యం, వ్యవసాయం, అభివృద్ధి, పర్యావరణం వంటివాటిలో నచ్చినవి ఎంచుకోవచ్చు. ప్రవేశ పరీక్షల్లో లెక్కల బరువు ఎక్కువగా ఉండే ప్రముఖ సంస్థల్లో ఇంజనీరింగ్ చదివినవారూ పోటీ పడతారు. తెలుగు మాధ్యమంలో బి.ఎ. చేసినవారికి గణితమే పెద్ద గండం. మొదటి సెమిస్టర్‌కు ముందే వారికి గణితంలో వారధి (బ్రిడ్జ్) తరగతులు నడపడం విశ్వవిద్యాలయాల బాధ్యత. గణిత నమూనాలు నేర్పినంత శ్రద్ధగా క్షేత్ర సర్వే కూడా నేర్పితేనే ఈ చదువు తన పుట్టుకకు కారణమైన ప్రశ్నకు జవాబు చెప్పగలుగుతుంది.