‘నేను’ చెప్పే కథ టీనేజీ పిల్లలకు ఎందుకు దగ్గరవుతుంది?

నవలలోని ప్రధాన పాత్రే ‘నేను’ అంటూ తన కథ చెప్పడాన్ని ఉత్తమ పురుష కథనం అంటారు. టీనేజీ పాఠకులను ఇది తొందరగా పాత్రకు దగ్గర చేస్తుంది. తెలుగులో అందుకు వ్యాకరణం కూడా సాయపడుతుంది.

వాడా, అతనా?

ప్రథమ పురుషలో రాసే రచయిత మొదట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. పదిహేనేళ్ల కుర్రాడిని ‘వాడు’ అనాలా, ‘అతను’ అనాలా? ఏది అన్నా ఎవరో పెద్దవాళ్లు పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ‘వెళ్లాడు’, ‘వెళ్లింది’ అనగానే అబ్బాయో అమ్మాయో కూడా తేలిపోతుంది. ‘వెళ్లాను’ అన్నప్పుడు ఆ గౌరవాల లెక్కా లేదు, ఆడామగా తేడా లేదు. చదివేది ఎవరైనా ఆ ‘నేను’లో ఇమిడిపోవచ్చు. హిందీలో అలా కుదరదు. అబ్బాయి ‘మై గయా’ అంటే అమ్మాయి ‘మై గయీ’ అనాలి.

మధ్య అండమాన్‌లోని రంగత్‌లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ రెండు పద్ధతులూ తెలుసు. బెంగాలీ, తమిళం, తెలుగు మాట్లాడే కుటుంబాలున్న ఆ దీవుల్లో అందరినీ కలిపే భాష హిందీ. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. తెలుగు ఎక్కువగా ఇంట్లోనే వినే పిల్లలకు పుస్తక భాష కంటే పక్కన కూర్చుని మాట్లాడినట్టుండే గొంతే సులువుగా అందుతుంది.

తెలుగులో అలాంటి పుస్తకాలు

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిన కథను తనే చెబుతాడు. కొత్త చోట ఏం చేయాలో తెలియక పడే అవస్థ, నవ్వులపాలవుతామన్న భయం ఈ వయసు పిల్లలకు బాగా తెలిసినవే. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నవలలు కావు, కథల సంపుటాలు. వాటిలోనూ బాల్యాన్ని ‘నేను’ గొంతు ఇంటి యాసలోనే చెబుతుంది. ఇంగ్లిష్‌లో 1951 నాటి శాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ది రై’ ఇదే దారిలో పేరు తెచ్చుకుంది.

దగ్గరితనం, దూరం

‘నేను’ చెప్పే కథలో పాఠకుడికి తెలిసేది కథకుడు చెప్పినంతే. అయితే పార్వతీశం గ్రహించని తన అమాయకత్వాన్ని పాఠకుడు గ్రహిస్తాడు. అతనితో పాటు ఇబ్బంది పడుతూనే అతను చెప్పే మాటలను తూకం వేస్తాడు. ఎదిగే వయసుకు కావలసిన చదువు ఇదే.

‘నేను’ అని రాసినంత మాత్రాన ఇదంతా జరగదు. పద్నాలుగేళ్ల నోట నలభై ఏళ్ల నీతులు పలికితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. తరగతిలో దీన్ని చూపించడం కష్టం కాదు. ఒక పేజీలోని ‘నేను’ను ‘వాడు’గా మార్చి చదివించాలి. ఏం పోయిందో పిల్లలే చెబుతారు. ఏమీ పోలేదంటే ఆ కథలో ‘నేను’ మొదటి నుంచీ లేనట్టే.